పసుపు రంగు క్యాసెట్లలో చెరిపేసిన పేర్లు

పాత వీడియో గేమ్ పెట్టె ఇంకా అటక మీదే ఉందని చెబుతూ మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. తొంభైలలో మీ ఇంట్లో టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్ అసలు ఏ కంపెనీది? అందులోని మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, ఆకులు చుట్టుకుని పరుగెత్తే పిల్లవాడి ఆట తయారుచేసినవాళ్లు ఇప్పుడు ఏమయ్యారు? అవే ఆటలను ఇప్పుడు ఫోన్‌లో ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) పెట్టుకుని ఆడుతుంటే అవి 'అవే' అని ఎందుకు అనిపించడం లేదు? నేను ఆ రోజుల్లో విజయవాడలో టీవీలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాణ్ణి. వేసవి సెలవులు వచ్చాయంటే దుకాణంలో టీవీల కంటే ఈ వీడియో గేమ్‌లే ఎక్కువగా పోగుపడేవి కాబట్టి వాటి లోపలి సంగతులు నాకు బాగానే తెలుసు. కంపెనీల చరిత్ర మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లకు, తీరిక దొరికాక చదివి తెలుసుకున్నది.

మొదటి ప్రశ్నకు సమాధానం సూటిగా చెబుతాను. మీరు ఆడిన యంత్రం నకలు. ఆటలు మాత్రం చాలావరకు అసలైనవే, కాకపోతే వాటి మీద ఉన్న పేర్లను చెరిపేశారు. కంపెనీల పేర్లు మీకు గుర్తులేకపోవడానికి కారణం మీ మతిమరుపు కాదు, ఆ పేర్లు మీ కంటికి ఎన్నడూ కనబడకపోవడమే.

ఆ నకలుకు మూలం జపాన్‌లోని క్యోటో నగరానికి చెందిన నింటెండో కంపెనీ 1983 జూలై 15న 14,800 యెన్ల ధరకు విడుదల చేసిన ఫ్యామికామ్. నింటెండో 1889లో పేకముక్కల వంటి హనఫుడా ముక్కలు తయారుచేస్తూ మొదలైన కంపెనీ. షార్ప్ నుంచి అక్కడికి వచ్చి చేరిన మసయుకి ఉయెమురా అనే ఇంజనీరు ఈ యంత్రానికి రూపకల్పన చేశారు. అందులోని ప్రాసెసర్ రికో కంపెనీ తయారుచేసినది, దాని మూలం 6502 అనే ప్రాసెసర్. వేగం సుమారు 1.79 మెగాహెర్ట్జ్, పని చేసుకోవడానికి ఉన్న మెమరీ 2 కిలోబైట్లు. సూపర్ మారియో ఆట మొత్తం, బొమ్మలూ సంగీతమూ ప్రోగ్రామూ అన్నీ కలిపి, 40 కిలోబైట్లలో సర్దారు. ఈ రోజు మీ బంధువులు పంపే శుభోదయం బొమ్మ ఒక్కటే అంతకంటే పెద్దదిగా ఉంటుంది. ఆ ఇరుకులోనే పుట్టిన ఉపాయం ఒకటి మీరు ఇప్పుడైనా గమనించవచ్చు: ఆ ఆటలో ఆకాశంలోని మేఘమూ నేల మీది పొదా ఒకే బొమ్మ, మార్చినది రంగు మాత్రమే.

ఈ యంత్రాన్ని 1985లో అమెరికాలో అమ్మడం మొదలుపెట్టినప్పుడు, తమ అనుమతి లేని క్యాసెట్లు పనిచేయకుండా నింటెండో అందులో ఒక తాళపు చిప్ పెట్టింది. జపాన్‌లో అమ్మిన ఫ్యామికామ్‌లో ఆ తాళం లేదు. నకలు తయారుచేయాలనుకున్నవారు సహజంగానే తాళం లేని జపాన్ నమూనానే ఎంచుకున్నారు. మన క్యాసెట్ల అడుగున అమెరికా పద్ధతిలో 72 పిన్నులు కాక 60 పిన్నులు ఉండటానికి కారణం అదే. నేను తొలినాళ్లలో విప్పిన పెట్టెలలో తైవాన్‌కు చెందిన యూఎంసీ అనే కంపెనీ చేసిన రెండు పెద్ద ఐసీలు (చిప్‌లు), ఒకటి ప్రాసెసర్, ఇంకొకటి బొమ్మలు గీసేది, పక్కపక్కనే కనిపించేవి. అవి చెడిపోతే ఊడదీసి వేరొకటి వేయగలిగేవాళ్లం. తర్వాత్తర్వాత వచ్చిన చవక పెట్టెలలో మొత్తం యంత్రమంతా ఒకే చిప్‌లోకి చేరి, బోర్డు మధ్యలో నల్లటి జిగురు బొట్టుగా మిగిలింది. మీడియా మొదలుకొని పెట్టెల మీద రకరకాల పేర్లు ఉండేవి, కొన్నిటి మీద అసలు పేరే ఉండేది కాదు. లోపల పనిచేసేది మాత్రం ఫ్యామికామ్ సూత్రమే.

ఇక క్యాసెట్ల సంగతి. తెర మీద '9999999 ఆటలు' అని వచ్చేది, మనం పేజీలు తిప్పుతూ పోయేవాళ్లం. నిజానికి అందులో ఉన్నవి అయిదో ఆరో, మహా అయితే ఇరవయ్యో ఆటలు. ఒకే ఆటను వేరు వేరు పేర్లతో, వేరు వేరు దశల నుంచి మొదలయ్యేలా జాబితాలో మళ్లీ మళ్లీ పెట్టేవారు. మీరు ఒక వరుసను ఎంచుకోగానే మెనూ ప్రోగ్రామ్ 'మూడో దశ', 'ముప్పై ప్రాణాలు' వంటి విలువను మెమరీలో ముందుగానే రాసి, ఆ తర్వాత ఆటను మొదలుపెట్టేది. ఆ రోజుల్లో ఇది మోసమని తిట్టుకున్నాను గానీ, ప్రోగ్రామింగ్ కొంత తెలిశాక ఆ పని చేసినవాడి నేర్పును మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. అదే చేతితో వాళ్లు ఇంకో పని కూడా చేశారు. ఆట మొదటి తెర మీద అడుగున ఉండే సంవత్సరాన్ని, నామ్‌కో, కోనమి, హడ్సన్ అనే పేర్లను చాలా క్యాసెట్లలో తుడిచేశారు. ఎవరైనా కేసు పెడితే చిక్కు కదా.

అలా తుడిచేసిన పేర్లలో మన పిల్లలకు అందరికంటే ఎక్కువ దగ్గరైనది నామ్‌కో అని నా అభిప్రాయం, ఎందుకంటే మీరు 'ట్యాంకుల ఆట' అన్న బ్యాటిల్ సిటీ వారిదే. మసయా నకమురా 1955లో ఈ కంపెనీని స్థాపించినప్పుడు వీడియో గేమ్‌ల ఊసే లేదు. యొకొహామాలో ఒక పెద్ద దుకాణం మేడ మీద పిల్లలు ఎక్కి ఊగే రెండు చెక్క గుర్రాలతో వ్యాపారం మొదలైంది. పాక్-మ్యాన్ వచ్చినది 1980లో, బ్యాటిల్ సిటీ 1985లో. మొత్తం 35 దశలు, ఇటుక గోడల మధ్య మన స్థావరానికి గుర్తైన గద్దను కాపాడుకోవడం, అన్నదమ్ములిద్దరూ ఒకే పక్షాన ఉండి ఆడగలగడం, విసుగు పుడితే మనమే గోడలు కట్టుకుని దశ తయారుచేసుకోవడం, ఇవన్నీ ఆ కాలానికి గొప్ప సంగతులు. విచిత్రమేమిటంటే నామ్‌కో ఈ ఫ్యామికామ్ ఆటను ఆ రోజుల్లో అమెరికాలో అమ్మనే లేదు. అక్కడ నా ఈడు వాళ్లకు దీని పేరు చెబితే తెల్లమొహం వేస్తారు. మన దేశంలోనూ రష్యాలోనూ ఇది ఇంటింటి ఆట అయిందంటే ఆ ఘనత పూర్తిగా నకలు క్యాసెట్లదే. నామ్‌కో తర్వాత బొమ్మల కంపెనీ బాందాయ్‌తో 2005లో కలిసిపోయింది, నకమురా 2017లో మరణించారు.

బ్యాటిల్ సిటీలో ఇంకొక విశేషం ఉంది. ఆ ఆట రాసిన ప్రోగ్రామర్ తాను ప్రేమించిన అమ్మాయి పేరుతో పాటు, ఈ ప్రోగ్రామ్ రాసినది తానేనన్న మాటను మారుపేరుతో ప్రోగ్రామ్ లోపల దాచిపెట్టాడు. ఎందుకు దాచవలసి వచ్చిందంటే, ఆ రోజుల్లో చాలా జపాన్ కంపెనీలు తమ ప్రోగ్రామర్ల అసలు పేర్లను బయటికి రానిచ్చేవి కావు. పేరు తెలిస్తే పోటీ కంపెనీ ఎక్కువ జీతం చూపి ఎత్తుకుపోతుందని భయం. ఆట చివర పేర్లు వేసినా అవి ముద్దుపేర్లే. అంటే క్యాసెట్ నకలుచేసినవాడు కంపెనీ పేరును చెరిపేయడానికి ముందే కంపెనీ మనుషుల పేర్లను చెరిపేసింది. మీ ప్రశ్నకు సమాధానం దొరకడం ఇంత కష్టం కావడానికి ఇది కూడా ఒక కారణం.

ఆకులు చుట్టుకుని రాతి గొడ్డళ్లు విసిరే పిల్లవాడి ఆట అడ్వెంచర్ ఐలాండ్, 1986లో హడ్సన్ సాఫ్ట్ విడుదల చేసినది. ఈ కంపెనీ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. 1973లో జపాన్ ఉత్తరాన సప్పొరో నగరంలో కుదో అన్నదమ్ములు హామ్ రేడియో సామగ్రి అమ్మే దుకాణంగా దీన్ని ప్రారంభించారు. వారికి రైళ్లంటే పిచ్చి, అందుకే ఒక రకం ఆవిరి ఇంజనుకు ఉన్న 'హడ్సన్' అనే పేరును కంపెనీకి పెట్టుకున్నారు. ఫ్యామికామ్‌కు నింటెండో కాకుండా బయటి కంపెనీ చేసిన తొలి ఆటలు 1984లో హడ్సన్‌వే: నట్స్ అండ్ మిల్క్, లోడ్ రన్నర్. బాంబర్ మ్యాన్ కూడా వారిదే. అడ్వెంచర్ ఐలాండ్ మాత్రం నిజానికి వండర్ బాయ్ అనే వేరే ఆటకు మరో రూపం. ఆ పేరు మీద హక్కు సెగా అనే మరో ఆటల కంపెనీకి ఉండటంతో హడ్సన్ పేరునూ కథానాయకుణ్ణీ మార్చవలసి వచ్చింది. కొత్త కథానాయకుడిగా వారు పెట్టినది ఎవరినో కాదు, తమ కంపెనీ ప్రచార విభాగంలో పనిచేసే మనిషినే! సెకనుకు పదహారు సార్లు బటన్ నొక్కగలడని జపాన్ పిల్లల్లో పేరుపొందిన తకహాషి మెయిజిన్ ఆయన. మనం ఆ రోజుల్లో అడవి పిల్లవాడనుకుని ఆడించినది ఒక కంపెనీలో ఉద్యోగం చేసే మనిషిని.

హడ్సన్ పతనానికి ఆటలు బాగాలేకపోవడం కారణం కాదు. ఆ కంపెనీకి అండగా ఉన్న హొక్కైడో తకుషొకు బ్యాంకు 1997లో దివాలా తీసింది. డబ్బు పుట్టే దారి మూసుకుపోయి హడ్సన్ క్రమంగా కోనమి చేతిలోకి వెళ్లింది, 2012 మార్చి 1న పూర్తిగా అందులో విలీనమై పేరు కూడా లేకుండా పోయింది. బాంబర్ మ్యాన్ ఇప్పటికీ కొత్త రూపాలలో వస్తున్నాడు గానీ పెట్టె మీద ఉండేది కోనమి పేరు.

కోనమి 1969లో ఒసాకాలో జ్యూక్‌బాక్స్‌లను (నాణెం వేస్తే పాట వినిపించే యంత్రాలను) అద్దెకిచ్చి బాగుచేసే వ్యాపారంగా కగెమస కొజుకి మొదలుపెట్టినది. మరమ్మతు దుకాణం నుంచి వచ్చినవారనగానే నాకు సహజంగానే అభిమానం కలిగింది. సర్కస్ చార్లీ, రోడ్ ఫైటర్, కాంట్రా వారి సృష్టే. కాంట్రా 1987లో నాణెం వేసి ఆడే పెద్ద యంత్రంగా వచ్చి, 1988లో క్యాసెట్ రూపంలోకి మారింది. ఆ క్యాసెట్‌కు రెండు ప్రతులున్నాయి. మీ క్యాసెట్‌లో దశకూ దశకూ మధ్య పటం కనబడి, మంచు దశలో నిజంగా మంచు కురుస్తూ ఉండేదంటే మీరు ఆడినది జపాన్ ప్రతి. అవేవీ లేకపోతే అమెరికా ప్రతి. ముప్పై ప్రాణాల రహస్య సంకేతం, అదే పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆపై బి, ఎ, కాంట్రా కోసం పుట్టినది కాదు. 1986లో గ్రేడియస్ అనే ఆటను ఫ్యామికామ్‌కు మలుస్తున్న కజుహిసా హషిమొటో, పరీక్షించడానికి తానే ఆడలేనంత కష్టంగా ఉందని తన సౌకర్యం కోసం పెట్టుకున్నది. అది విడుదలైన ఆటలోనూ మిగిలిపోయింది. ఆయన 2020 ఫిబ్రవరిలో మరణించినప్పుడు ప్రపంచమంతా ఆ పది నొక్కులనే తలచుకుంది. కోనమి ఇప్పుడు జపాన్‌లో వ్యాయామశాలలు కూడా నడుపుతోంది.

మిగతావారి గురించి క్లుప్తంగా చెబుతాను. డబుల్ డ్రాగన్ చేసిన టెక్నోస్ జపాన్ 1996లో మూతపడింది, ఆ ఆట హక్కులు చేతులు మారి 2015లో ఆర్క్ సిస్టమ్ వర్క్స్‌కు చేరాయి. డేటా ఈస్ట్ 2003లో దివాలా తీసింది. సెగా ఆటల తయారీలో కొనసాగుతున్నా, యంత్రాల తయారీని 2001లో మానుకుంది. బెలూన్లు కట్టుకుని ఎగిరే బెలూన్ ఫైట్ మీకు గుర్తుంటే, దాని ప్రోగ్రామ్ రాసిన సతొరు ఇవాటా 2002లో నింటెండోకే అధ్యక్షుడయ్యారు, ఆ పదవిలో ఉండగానే 2015లో కన్నుమూశారు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. ఫోన్‌లో ఆడితే 'అవే' అనిపించకపోవడాన్ని చాలామంది వయసు మీదికి తోసేస్తారు. నేను ఒప్పుకోను. అందులో కొలిచి చూపగల తేడాలు ఉన్నాయి. ఆ కాలపు జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మను గీసేవి, పాల్ అనే ప్రసార పద్ధతిలో నడిచిన మన టీవీలు 50 సార్లు. ఈ ఆటలలో మారియో అడుగు, శత్రువు కదలిక, సంగీతం, తెర మీది గడియారం అన్నీ బొమ్మ గీసిన ప్రతిసారీ ఒక మెట్టు ముందుకు జరిగేలా రాసి ఉంటాయి. అందువల్ల మన టీవీల కోసం తయారైన నకలు యంత్రాలలో ఆట మొత్తం ఆరోవంతు నెమ్మదిగా నడిచేది. క్యోటోలో ఒక నిమిషంలో పూర్తయ్యే పరుగు మీ హాలులో 72 సెకన్లు పట్టేది. గడియారం కూడా అంతే నెమ్మదిగా నడిచేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇప్పటి ఎమ్యులేటర్ ఆటను అసలు వేగంతో నడుపుతుంది, మీ వేళ్లు మాత్రం పాత లెక్క ప్రకారమే దూకుతాయి. అందుకే గుంతల్లో పడుతున్నారు.

సంగీతంలోనూ తేడా ఉంది. వేగం తగ్గినా స్వరస్థాయి దాదాపు మారలేదు, ఎందుకంటే స్వరాన్ని నిర్ణయించేది ప్రాసెసర్ గడియారం, నకలు చిప్‌లలో అది మూలానికి చాలా దగ్గరగా ఉండేది. కానీ కొన్ని నకలు చిప్‌లలో శబ్ద తరంగపు ఆకారాలు రెండు తారుమారై ఉండేవి, దానితో కొన్ని వాద్యాల ధ్వనే వేరుగా వినబడేది. మీ జ్ఞాపకంలో ఉన్న మారియో పాట కాస్త నిదానంగా, ముక్కుతో పాడినట్లు ఉందంటే మీ చెవులు సరిగానే గుర్తుపెట్టుకున్నాయి. ఎమ్యులేటర్ సెట్టింగులలో ప్రాంతాన్ని 'డెండీ' అని మార్చి చూడండి. అది రష్యాలో అమ్ముడుపోయిన నకలు యంత్రం పేరు, మన పెట్టెల సోదరి అనుకోవచ్చు. నేను అలా మార్చి మొదటి దశ ఆడిన రోజున, పక్క గదిలో ఉన్న మా ఆవిడ 'ఆ పాత గేమ్ ఎక్కడ దొరికింది?' అని అడిగింది.

తెర మీది బాతులను కాల్చే ఆటకు వాడే తుపాకీ కొత్త టీవీ మీద పనిచేయకపోవడం కూడా లోపం కాదు. మీట నొక్కగానే ఆట తెరను ఒక్క క్షణం నల్లగా చేసి, బాతు ఉన్నచోట తెల్లని చదరం గీస్తుంది. తుపాకీ గొట్టంలోని కాంతి గ్రాహకానికి ఆ వెలుగు తగిలితే బాతు పడినట్లు లెక్క. పిక్చర్ ట్యూబు ఆ చదరాన్ని తక్షణమే గీస్తుంది. ఎల్‌సీడీ టీవీ బొమ్మను సర్దుకుని చూపేసరికి ఆలస్యమై, ఆట అప్పటికే 'తప్పింది' అని తీర్మానించేస్తుంది.

చట్టబద్ధంగా ఆడే దారులు ఉన్నాయి. కాంట్రా ఆటల రెండు ప్రతులనూ కోనమి 2019లో ఒక సంకలనంగా ఇచ్చింది. బ్యాటిల్ సిటీ 2020లో వచ్చిన నామ్‌కో మ్యూజియం ఆర్కైవ్స్ రెండో సంపుటంలో ఉంది. నింటెండో సొంత ఆటలు వారి స్విచ్ యంత్రానికి కట్టే చందాలో దొరుకుతాయి. అయితే అన్నీ దొరుకుతాయని ఆశించకండి: అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటలలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. పేటెంట్ల గడువు ముగిసిపోయింది కాబట్టి ఫ్యామికామ్ లాంటి యంత్రాన్ని ఈ రోజు ఎవరైనా తయారుచేసుకోవచ్చు. ఆటల మీద కాపీరైట్ మాత్రం ఇంకా ఉంది. ఇవి రెండూ వేరువేరని గుర్తుంచుకుంటే ఏది కొనాలో మీకే తెలుస్తుంది.

అటక మీది పెట్టె ఇంకా ఉందన్నారు కదా. క్యాసెట్‌లోకి నోటితో ఊదకండి. ఊదినప్పుడు అది పనిచేసినది మీ ఊపిరి వల్ల కాదు, తీసి మళ్లీ పెట్టడం వల్ల. నోటి తడి పిన్నులకు చిలుము పట్టిస్తుంది. మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదిపుల్లతో అద్ది పిన్నులు తుడిచి, బాగా ఆరనివ్వండి. అసలు అడాప్టర్ పోయి ఉంటే ఇంట్లో ఉన్నదేదో తగిలించకండి. ఫ్యామికామ్ అడాప్టర్ పిన్నుకు మధ్యలో మైనస్ ఉంటుంది, నకళ్లలో ఒక్కొక్కదానికి ఒక్కో తీరు. పెట్టె అడుగున ఉన్న గుర్తుతో మల్టీమీటర్ పెట్టి సరిచూసుకున్నాకే కరెంటు ఇవ్వండి. లోపల ఉన్నది నల్లటి జిగురు బొట్టు రకమైతే, అది ఒకసారి కాలిపోయాక ఏ మెకానిక్కూ బాగుచేయలేడు.